పెద్దక్క వాంగ్మూలం

4, మంగళవారం

ఆరో బెడ్డట! అక్కకి పేరు లేదు, ముప్పై నాలుగేళ్ల సర్వీసు లేదు, ఏమీ లేదు. నర్సు తలుపు దగ్గర నిలబడి "ఆరో బెడ్డు తాలూకు ఎవరండీ?" అని అరిచింది. నేను లేవలేదు. మళ్లీ అరిచింది. అప్పుడూ లేవలేదు. చివరికి దగ్గరికొచ్చి "మీరే కదా?" అంది. "నేను మా అక్క తాలూకు. బెడ్డు తాలూకు కాదు" అన్నాను. మొహం మాడ్చుకుంది. మాడ్చుకోనీ.

ఇవాళ్టికి తొమ్మిదో రోజు. స్నానాల గదిలో పడిపోయింది, మెదడులో నరం చిట్లిందన్నారు. అప్పట్నుంచీ కళ్లు తెరవలేదు. నోట్లో గొట్టం, ఊపిరి మెషీన్‌ది. ఆ గొట్టంలో చేరే కఫాన్ని రోజుకి ఐదారుసార్లు ఇంకో సన్న గొట్టం దూర్చి లాగుతారు. అప్పుడు అక్క ఒళ్లంతా ఎగిరిపడుతుంది, కళ్ల చివరల నుంచి నీళ్లు కారతాయి. నీళ్లు కారాయంటే తెలివి ఉన్నట్టే కదా? డాక్టరమ్మ అలా కాదంటుంది. ఆవిడ తొమ్మిది రోజులుగా చూస్తోంది. నేను యాభై రెండేళ్లుగా చూస్తున్నాను.

ఒక ఫారం ఇచ్చారు. "రోగి తరఫున నిర్ణయం తీసుకునే వ్యక్తి" అన్న చోట నా పేరు రాశాను. "రోగితో సంబంధం" అన్న గడి బొటనవేలి గోరంత ఉంది. "చెల్లెలు" అని రాస్తే నిండిపోయింది. ఇరవై ఎనిమిదేళ్లు ఒకే ఇంట్లో ఉన్నామనీ, ఒకే కోర్టులో పక్కపక్క బల్లల మీద స్టెనోలుగా పని చేశామనీ, పెళ్లీ పెటాకులూ లేకుండా ఒకరికొకరం అన్నట్టు బతికామనీ ఏ గడిలో రాయాలి?

అక్క అరచేతిలో నా చూపుడు వేలు పెట్టాను. నొక్కింది. నర్సుకి చెప్తే "అది దానంతటదే జరుగుతుందండీ, తెలిసి చేసేది కాదు" అంది.

నొక్కింది. నాకు తెలుసు.


5, బుధవారం

తమ్ముడు ఊడిపడ్డాడు. పదింటికి రమ్మంటే పన్నెండున్నరకి, చేతులకి నూనె మరకలతో సహా. ఎవరిదో ఫ్రిజ్ రిపేరు మధ్యలో వదిలేసి రాలేకపోయాడట. సొంత అక్క కంటే ఎవరి ఫ్రిజ్జో ఎక్కువైంది వాడికి.

డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టింది. నోట్లో గొట్టం ఇంకెన్నాళ్లో ఉంచకూడదట. గొంతుకి రంధ్రం చేసి అక్కణ్నుంచి ఊపిరి ఇవ్వాలి, పొట్టకి రంధ్రం చేసి అక్కణ్నుంచి తిండి పంపాలి. అలా చేస్తే ఏళ్ల తరబడి ఉండొచ్చు. కానీ మనుషుల్ని గుర్తుపట్టే స్థితికి రావడం చాలా చాలా కష్టం అంది. రెండు "చాలా"లు. నేను లెక్కపెట్టాను, అలవాటు.

"ఆవిడే మాట్లాడగలిగితే ఏం కోరుకునేవారు?" అని అడిగింది.

ఏం కోరుకుంటుంది? బతకాలని కోరుకుంటుంది! ఇదీ ఒక ప్రశ్నేనా? నేను నోరు తెరిచేలోపు తమ్ముడు నేల చూస్తూ "పెద్దక్క ఇలా ఉండటానికి ఒప్పుకోదు చిన్నక్కా" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. "నీకేం తెలుసురా అక్క గురించి? నెలకోసారి వచ్చి, ఫ్రిజ్ తలుపు రబ్బరు నొక్కి చూసి, టీ తాగి పోయేవాడివి!" అన్నాను. డాక్టరమ్మ ముందే అన్నాను. వాడు ఏడ్చాడు. వాడికి ఏడుపు కుళాయి తిప్పినంత తేలిక, చిన్నప్పట్నుంచీ అంతే.

తోబుట్టువులిద్దరూ సమానమే, మాట కుదరకపోతే ఆసుపత్రి కమిటీ కూర్చుంటుందట. పద్నాలుగో తేదీ శుక్రవారం. సమానమట! వాడూ నేనూ!


6, గురువారం

నొక్కింది. ఈసారి గట్టిగా.


7, శుక్రవారం

తమ్ముడికి పని లేక అక్క బీరువా సర్దాడు. లోపల ఆసుపత్రి కోసం సిద్ధంగా పెట్టుకున్న సంచీ దొరికిందట. తువ్వాలు, సబ్బు, పాత కళ్లజోడు, అడుగున ఒక నోటుపుస్తకం. అట్ట మీద అక్క గుండ్రటి అక్షరాలు: "నేను చెప్పలేని స్థితిలో ఉంటే." లోపల అంతా షార్ట్‌హ్యాండ్.

"నాకు కోడి కెలికినట్టుంది చిన్నక్కా, నువ్వే చదవాలి" అని ఆసుపత్రికి పట్టుకొచ్చి డాక్టరమ్మ ఎదురుగానే నా చేతిలో పెట్టాడు.

చదవగలిగేది నేనే. షార్ట్‌హ్యాండ్ వచ్చినవాళ్లు ఇంకా ఉన్నారు, కానీ అక్కది మామూలుది కాదు. సర్వీసులో ఎవరికి వాళ్లు సొంత కుదింపులు కల్పించుకుంటారు. అక్కవి మరీ పొదుపు. "సాక్షి ప్రమాణం చేసి చెప్పినదేమనగా" అన్నదంతా ఆవిడకి ఒక చిన్న కొక్కెం, ఒక చుక్క. ఆవిడ సెలవు పెట్టినప్పుడు ఆవిడ నోట్సు టైపు చేసేది నేనే కాబట్టి నాకొచ్చు.

వరండాలోనే నిలబడి చదివాను. అక్క తననే సాక్షి బోనులో నిలబెట్టుకుంది! ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు. నవ్వొచ్చింది. పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వొచ్చింది.

ప్రమాణం చేసి చెప్పునదేమనగా. ప్రశ్న: మెషీన్ పెట్టవచ్చా? జవాబు: పెట్టండి. ప్రశ్న: ఆపరేషన్? జవాబు: బాగయ్యే ఆశ ఉంటే చేయండి, నేను పిరికిదాన్ని కాను.

"విన్నారా? చేయమంది!" అన్నాను. డాక్టరమ్మ రాసుకుంది. తమ్ముడు ముక్కు తుడుచుకుని "సరే, పెద్దక్క చెప్పాక ఇంకేముంది" అన్నాడు.

పేజీ అడుగున ఇంకో లైను ఉంది. ప్రశ్న: ఎంతకాలం? జవాబు అవతలి పేజీలో. అది చదవలేదు. అది ప్రశ్నే కదా, జవాబు కాదు కదా, చదవకపోతే ఏం పోయింది? పైగా అప్పటికే నర్సు పిలిచింది.


8, శనివారం

నేను అక్షరం మార్చలేదు. చదివినంత వరకు అక్షరం మార్చలేదు. ఇది రాసి పెట్టుకుంటున్నాను.

నోటుపుస్తకం నా చేతిసంచీలోనే ఉంది. పేజీ తిప్పలేదు. తిప్పాల్సిన అవసరం ఏముంది? అక్క చెప్పాల్సింది మొదటి పేజీలోనే చెప్పేసింది. మిగతాది బట్టలు ఎవరికివ్వాలి, పుస్తకాలు ఎవరికివ్వాలి లాంటిదయి ఉంటుంది.

మధ్యాహ్నం కఫం లాగారు. పక్కనే ఉన్నాను. నీళ్లు కారాయి. తుడిచాను.


9, ఆదివారం

చదివాను. ఇక్కడ రాయను.


10, సోమవారం

రాస్తాను. నాకేం భయం? నా డైరీ, నా ఇష్టం.

ప్రశ్న: ఎంతకాలం? జవాబు: రెండు వారాలు.

ప్రశ్న: ఆ తర్వాత? జవాబు: మనుషుల్ని గుర్తుపట్టి, ఏదో ఒక విధంగా అవును, కాదు అని చెప్పగలిగితే ఉంచండి. లేకపోతే గొంతుకి రంధ్రం వద్దు, పొట్టకి గొట్టం వద్దు. నొప్పి లేకుండా చూసి వదిలేయండి.

నిన్నటికి సరిగ్గా రెండు వారాలు.

అదైనా సహించేదాన్ని. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అందరూ ఇలాంటి కబుర్లు చెప్తారు. ఏ టీవీలో ఏం చూసి రాసిందో, ఏ చిరాకులో ఉండి రాసిందో. మనసు మార్చుకుని ఉండొచ్చు. వేలు నొక్కడం "అవును" కాదా? దాని తర్వాతి లైను చూడు!

ప్రశ్న: మీ తరఫున ఎవరు నిర్ణయించాలి? జవాబు: తమ్ముడు. చెల్లి కాదు.

చెల్లి కాదు! రెండు గీతలు, ఒక చుక్క. ముప్పై ఏళ్లుగా ఆవిడ జ్వరాలకి తడిగుడ్డలు వేసింది ఎవరు? మోకాలి ఆపరేషన్‌కి నలభై రోజులు సెలవు పెట్టింది ఎవరు? ఏ మాత్ర పడదో, ఏ వైపు తిరిగి పడుకుంటుందో, కాఫీలో ఎంత చక్కెరో తెలిసింది ఎవరికి? తమ్ముడట! వాడికి అక్క పుట్టినరోజు కూడా గుర్తుండదు, ప్రతి ఏడూ నేనే ఫోన్ చేసి "ఒరేయ్, ఇవాళరా" అని చెప్పాలి. వాడిని పెట్టింది. నన్ను వద్దంది. ఊరుకుంటే పోయేదానికి పేరు పెట్టి మరీ వద్దంది.

తల కొట్టేసినట్టయింది. ఆ లైను దగ్గరే పుస్తకం మూసేశాను. తర్వాత ఇంకా ఏదో ఉంది. నాకక్కర్లేదు.

ఇవాళ వేలు పెట్టలేదు. పెట్టబుద్ధి కాలేదు.


11, మంగళవారం

ఎంత పొగరు వీళ్లకి! తమ్ముడు సరేనన్నా ఇలాంటి రాత ఉంటే కమిటీ చూడాల్సిందేనట, అక్కడికి పంపే ముందు ఆ పేజీని ఇంకెవరైనా చదివి ధ్రువీకరించాలట. డాక్టరమ్మ చాలా మర్యాదగా చెప్పింది, అదే ఇంకా మండుతుంది. "మీ మీద అనుమానం కాదండీ. చదివిన వ్యక్తీ, నిర్ణయం తీసుకునే వ్యక్తీ ఒకరే అయితే రెండో మనిషి చూడాలని నియమం."

"ఇరవై తొమ్మిదేళ్లుగా నేను రాసింది చదివి జడ్జీలు తీర్పులు చెప్పారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నా నోట్సులో మాట పోయిందని అనలేదు. మీరు అనుమానిస్తున్నారా నన్ను?" అన్నాను. గొంతు వరండా దాకా వినిపించినట్టుంది, ఇద్దరు ముగ్గురు తొంగి చూశారు.

ఎంత మాట అన్నాను. ఎంత ధైర్యంగా అన్నాను.

అక్క కుదింపులు తెలిసినవాళ్లు నేను కాక ఇంకొక్కరే ఉన్నారు. మాకిద్దరికీ షార్ట్‌హ్యాండ్ నేర్పిన పెన్సిల్ మాస్టారు. చెవి మీద ఎప్పుడూ పెన్సిల్ ఉండేది, ఊళ్లో అందరూ అలాగే పిలిచేవాళ్లు. అక్క కుదింపుల్లో సగం ఆయనతో పోట్లాడి ఒప్పించుకున్నవే. కానీ ఆయనకి ఆరేళ్లుగా చూపు లేదు. ఆ మాట చెప్పాను. చూపు లేనాయన ఎలా చదువుతాడు, ఇక ఈ గొడవ ఇక్కడితో సరి అనుకున్నాను.

తమ్ముడు ఆయనకి ఫోన్ చేసేశాడు. ఈ ఒక్క పనికి మాత్రం ఆలస్యం చేయలేదు వెధవ.


12, బుధవారం

మాస్టారింటికి వెళ్లాను. మూడో అంతస్తు, కిటికీ పక్క కుర్చీ, చేతిలో రేడియో. చెవి మీద పెన్సిల్ ఇప్పటికీ ఉంది. దేనికి మాస్టారూ అంటే, "లేకపోతే చెవి తేలిగ్గా ఉంటుందమ్మా, నిద్ర పట్టదు" అన్నాడు.

అక్క సంగతి విని రేడియో ఆపేశాడు. తర్వాత కుడిచెయ్యి చాపాడు. "గియ్యి" అన్నాడు.

"ఏంటి మాస్టారూ?"

"కళ్లు పోయాయి కానీ చర్మం పోలేదుగా. ఒక్కో గీతా నా అరచేతిలో వేలితో గియ్యి. తేలిక గీత తేలిగ్గా, బరువు గీత నొక్కి. తొందరపడకు."

గీశాను. ఒళ్లో పుస్తకం, ఎడమచేత్తో ఆయన మణికట్టు పట్టుకుని, కుడి చూపుడు వేలితో ఒక్కో గీత. ఆయన కళ్లు మూసుకుని, నేను గీసిన దాన్ని నా కంటే ముందే పలికాడు. "మెషీన్. పెట్టవచ్చా. పెట్టండి." "పిరికిదాన్ని కాను" దగ్గర పకపకా నవ్వాడు. "ఈ కొక్కెం నేను వద్దన్నాను. వినిందా? వినలేదు. పద్దెనిమిదేళ్లప్పుడూ అంతే, మొండిఘటం."

అక్కడ ఆపాను.

"ఊఁ?" అన్నాడు. చెయ్యి అలాగే చాపి ఉంచాడు.

"అంతే మాస్టారూ."

"ముగింపు గీత ఏదీ?"

పాఠం అయిపోయాక అడుగున జంట గీత కొడతాం. అది లేని నోట్సు పూర్తి కానట్టే లెక్క. ఆయన నేర్పిన మొదటి రోజు పాఠం. పుస్తకంలో రెండు పేజీల అవతల ఉంటుంది ఆ గీత. వేలితో గీసేస్తే సరిపోయేది. రెండు గీతలు, అర సెకను. గియ్యలేకపోయాను.

"మీ అక్క నిద్రలో రాసినా ముగింపు గీత కొడుతుంది" అన్నాడు.

నాకు ఉక్రోషం వచ్చింది. "చూపు లేకపోయినా తప్పులు పట్టడం మాత్రం మానలేదు మీరు! మీ అక్క అయితే తెలిసేది! మెషీన్ మీద పడుకుని, ముక్కూ మొహం తెలియకుండా ఉబ్బిపోయి ఉంటే, అప్పుడు తెలిసేది!" అని అరిచేశాను. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి మీద, అక్షరం ముక్క నేర్పిన మనిషి మీద.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. "నాకు గీసి చూపించినంత వరకు సరిగ్గా ఉందని కమిటీలో చెప్తానమ్మా. అది నిజమే కదా. అంతా చూశానని మాత్రం చెప్పను" అన్నాడు.

చెప్పులు వేసుకోకుండానే మెట్లు దిగాను. మళ్లీ ఎక్కి వేసుకుని వచ్చాను. ఆయన అలాగే కూర్చుని ఉన్నాడు.


13, గురువారం

అక్క అరచేతిలో వేలు పెట్టి గంటసేపు చూశాను. ఈసారి కదలకుండా, ఊపిరి బిగపట్టి, నా చెయ్యి మంచం కమ్మీకి ఆనించి పెట్టాను.

నొక్కలేదు.

మరి ఇన్నాళ్లూ? నేనే నొక్కేదాన్నేమో. నా వేలు లోపలికి నొక్కి, ఆ నొక్కుడు ఆవిడదనుకున్నానేమో. ఏమో ఏంటి. నేనే.

కఫం లాగినప్పుడు బయటికి వెళ్లిపోయాను. తమ్ముడు వెళ్లలేదు. అక్క నుదురు మీద చెయ్యి వేసి, గట్టిగా ఏడుస్తూ, అక్కడే నిలబడ్డాడు. అద్దంలోంచి చూశాను.

రేపు పదకొండింటికి కమిటీ. ఏమీ చేయక్కర్లేదు నేను. మాస్టారు "సరిగ్గా ఉంది" అంటాడు, తమ్ముడు "సరే" అంటాడు, వాళ్లు రంధ్రాలు చేస్తారు. అక్క ఇంటికొస్తుంది. ముందుగదిలో మంచం వేస్తాను. అన్నీ నేనే చూసుకుంటాను. ఎవరి మీదా ఆధారపడం.


14, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొడుగు బల్ల. డాక్టరమ్మ, తెల్లమీసాల సర్జన్, ఒక లాయరమ్మ. ఇటువైపు నేనూ తమ్ముడూ. తమ్ముడి భుజం పట్టుకుని మాస్టారు వచ్చాడు. ఆయన అన్నమాట ప్రకారమే చెప్పాడు. "నాకు గీసి చూపించినంత వరకు సరిగ్గా ఉంది." ఆ గదిలో ఆ మాటలో లోటు ఎవరికీ వినిపించలేదు. నాకు తప్ప.

"సంతోషం" అంది లాయరమ్మ. ఒక కాగితం నా వైపు తోసింది. నేను చదివింది టైపు చేయించారు. అడుగున నేను సంతకం పెట్టాల్సిన లైను: "పై పాఠాన్ని పూర్తిగా చదివి వినిపించాను."

ఆ లైను నాకు కొత్తది కాదు. ఇరవై తొమ్మిదేళ్లలో కొన్ని వేలసార్లు టైపు చేసి కింద సంతకం పెట్టాను. హంతకుల వాంగ్మూలాల కింద పెట్టాను, సాక్షి నన్నే తిట్టిన తిట్లు పొల్లు పోకుండా రాసి కూడా పెట్టాను. ఎప్పుడూ చెయ్యి ఆగలేదు. పెన్ను పట్టుకున్నాను. "పూర్తిగా" అన్న మాట చూస్తూ కూర్చున్నాను. ఎంత కోపం వచ్చిందో! ఆ లాయరమ్మ మీద, మాస్టారి మీద, అందరి కంటే ఎక్కువ అక్క మీద. మామూలు తెలుగులో రాసి తమ్ముడి మొహాన పడేస్తే పోయేది కదా! నా పీక మీదికి తేవడం ఎందుకు?

"పెట్టండమ్మా" అన్నాడు సర్జన్, గడియారం చూసుకుంటూ.

"పెట్టలేను. ఇది పూర్తి పాఠం కాదు" అన్నాను.

పుస్తకం తీశాను. కోర్టులో తిరిగి చదివేటప్పుడు మాకొక గొంతు ఉంటుంది. ఎత్తూ పల్లం ఉండదు, ఏడుపూ కోపం ఉండవు, సాక్షి చెప్పింది చెప్పినట్టు. ఆ గొంతు పెట్టాను. మొదటి పేజీ అడుగున వదిలేసిన ప్రశ్న దగ్గర మొదలుపెట్టాను. ఎంతకాలం. రెండు వారాలు. ఆ తర్వాత. వద్దు, వద్దు, వదిలేయండి. ఎవరు నిర్ణయించాలి. తమ్ముడు. చెల్లి కాదు.

తమ్ముడు "అయ్యో" అన్నాడు. నేను ఆగలేదు. అక్కడి నుంచి నేనూ చూడని పేజీ.

ప్రశ్న: కారణం? జవాబు: తమ్ముడు ఏడుస్తాడు. ఏడ్చి సంతకం పెడతాడు. చెల్లి ఏడవదు. ఏడవకుండా నన్ను ఏళ్ల తరబడి పట్టుకుని కూర్చుంటుంది. నాతోపాటు దాని బతుకూ ఆగిపోతుంది. అది నాకు ఇష్టం లేదు.

ప్రశ్న: ఈ సంగతి చెల్లికి చెప్పారా? జవాబు: లేదు. చెప్తే పోట్లాడుతుంది. దానితో పోట్లాడి నేను ఎప్పుడూ గెలవలేదు.

ప్రశ్న: షార్ట్‌హ్యాండ్‌లో ఎందుకు రాశారు? జవాబు: చెల్లే చదవాలని. తనకి నచ్చని మాట అయినా, తనని నొప్పించే మాట అయినా, ఒక్కటి కూడా వదలకుండా చదువుతుంది. ఇంకెవరి మీదా నాకు అంత నమ్మకం లేదు.

చదివాను. గొంతు మారలేదు. ఎలా మారలేదో నాకే తెలియదు. "ఇది పూర్తి పాఠం" అన్నాను. తర్వాత మామూలు గొంతుతో, "ఇది ఏడో తారీఖున చదవాల్సింది. వారం దాచాను. తెలిసే దాచాను. ఆ వారమంతా ఆవిడ పడిన బాధ నా వల్లే" అన్నాను.

మాస్టారు బల్ల మీద తడుముకుంటూ నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

తమ్ముడు వెక్కుతూ నా వైపు తిరిగాడు. "చిన్నక్కా, నాకేం తెలుసు, నువ్వే చెప్పు ఏం చేద్దాం."

ఎంత తేలిగ్గా వచ్చింది మళ్లీ నా చేతిలోకి! ఒక్క మాట అంటే చాలు, వాడు నా మాట దాటడు. నోటిదాకా వచ్చింది.

"నన్ను అడక్కురా. అక్క నిన్ను అడిగింది" అన్నాను.

వాడు చాలాసేపు ఏడ్చాడు. ఏడ్చి సంతకం పెట్టాడు.


15, శనివారం

రేపు ఉదయం మెషీన్ తీసేస్తారు. ఎన్నింటికో తమ్ముడినే అడిగారు. పదింటికి అన్నాడు. తొమ్మిదింటికే వస్తానన్నాడు. వస్తాడు.

వాంగ్మూలం పూర్తయ్యాక ఇచ్చిన మనిషికే చదివి వినిపించడం పద్ధతి. అందరికీ వినిపించాను, అక్కకే వినిపించలేదు. సాయంత్రం తెర లాగి, పక్కన కూర్చుని, మొదటి గీత నుంచి చివరిదాకా చదివాను. అంతా అయ్యాక అసలు పోట్లాట మొదలుపెట్టాను.

నమ్మకమట! ఎవరిని నమ్మావు నువ్వు? వారం రోజులు సంచీలో పెట్టుకుని తిరిగినదాన్నా? నీ కళ్ల నీళ్లు తుడిచి, మళ్లీ కఫం లాగించినదాన్నా? ఎదురుగా కూర్చోబెట్టి నోటితో చెప్తే నీ సొమ్మేం పోయింది? పోట్లాడేదాన్ని. అవును, పోట్లాడేదాన్ని. వారం రోజులు పోట్లాడి, అన్నం మానేసి, నీతో మాటలు మానేసి, ఆఖరికి ఒప్పుకునేదాన్ని. ఒప్పుకునేదాన్ని కాదేమో. అయినా అడగాల్సింది కదా! నన్నొకసారి అడగాల్సింది కదా అక్కా!

నర్సు తెర తీసి చూసింది. "ఎవరితో మాట్లాడుతున్నారండీ?"

"మా అక్కతో పోట్లాడుతున్నాను. ఒక్క పది నిమిషాలు" అన్నాను.

తెర మళ్లీ లాగి వెళ్లిపోయింది.

పది నిమిషాలూ పోట్లాడాను. నా మాటలు అయిపోయాయి. మెషీన్ చప్పుడు మిగిలింది.

తమ్ముడు వచ్చి మంచం చివర నిలబడ్డాడు. చేతులు కడుక్కుని వచ్చాడు, గోళ్లు కూడా. లోపల ఉన్నది ఒక్కటే కుర్చీ. లేచి వాడికిచ్చాను.